పాసు లేని చూపు

"సముద్ర తాబేలు ఏకాంతమే జాతి ప్రతిష్ఠ!"

ఆ ఏడాది మాఘమాసంలో రేవుబంద పల్లె తీరపు ఇసుకలో పాతిన పచ్చబోర్డు మీద, దొరల కోసం ఒడియాలోనూ ఊరి జాలర్ల కోసం తెలుగులోనూ, మొదటి వాక్యం ఇదే. దాని కింద పది నిబంధనలు. దీపం వెలిగించరాదు, తెల్లబట్టలు కట్టరాదు, తాబేలును ముట్టుకోరాదు, ఇలా సాగి సాగి పదో దానికి వచ్చేసరికి అటవీ శాఖవారి మేధ విశ్వరూపం చూపింది: పాసు లేనివారు తాబేళ్లను చూడరాదు!

పోలమ్మకు చదువు రాదు. అందుచేత మూడు రోజుల పాటు ఏ జంకూ లేకుండా నేరం చేసింది. ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నదే. గుమ్మంలో కూర్చుని ఎండుచేపలు ఏరుకుంటూ తాబేళ్లు ఒడ్డెక్కడం చూసేది. కుక్కలు గుడ్లు తవ్వబోతే తెడ్డు పుచ్చుకుని తరిమేది. గుమ్మానికీ అలకూ మధ్య గట్టిగా అరవై అడుగులు లేవు మరి.

నాలుగో రోజు శాఖ తరఫున సాహుబాబు టేపు పట్టుకుని వచ్చాడు.

"చూడు పోలమ్మా, నీ గుమ్మం వీక్షణ మండలంలోకి వచ్చేసింది."

"నా గుమ్మం ఎక్కడికీ రానేదు బావూ! నా పెళ్లినాటి నుండీ ఇక్కడే ఉంది."

"రోజుకు యాభై పాసులే ఇస్తాం. మీ ఇంట్లో ఐదుగురు. మీరే చూసేస్తూ కూర్చుంటే బయటివాళ్లకు ఏం మిగులుతుంది?"

"మరి తాబేలే మాకేసి సూత్తే?"

సాహుబాబు నిజాయితీపరుడు. వెంటనే నిబంధనల పుస్తకం తిరగేశాడు. "తాబేలుకు ఆంక్ష లేదు. మీరే మొహం తిప్పుకోవాలి. ఒక్కసారి పట్టుబడ్డారా, ఇల్లు తీసేసి జీడితోటల పక్కన కాలనీకి పంపిస్తాం."

పోలమ్మ మొగుడు లచ్చన్న నెత్తి పట్టుకున్నాడు. "అయిదు కోసుల దూరం! తెప్ప జీడితోటలో దింపమంటావేటి బావూ?"

ఆనాటి నుంచి సముద్రం వైపు తలుపు మూతపడింది. కుక్కల అరుపు వినపడితే మాత్రం పోలమ్మకు ప్రాణం ఆగేది కాదు. వీపు సముద్రం వైపు పెట్టి, వెనక్కి నడుస్తూ, తెడ్డు గాలిలో తిప్పుతూ కుక్కల్ని తరిమేది. రెండుసార్లు గోతిలో పడింది. చట్టాన్ని మాత్రం ఒక్కసారీ మీరలేదు.

ఫాల్గుణంలో దక్షిణపు గాలి తిరిగింది. తాబేళ్లు పట్టపగలే వేలకు వేలు ఒడ్డెక్కాయి. శాఖవారు వెదురుతో కట్టించిన వీక్షణ వేదిక ఉత్తరాన ఉంది. తాబేళ్లకూ చదువు రాదు కాబోలు, అటు పోకుండా తిన్నగా పోలమ్మ గుమ్మం ముందుకొచ్చి గోతులు తవ్వసాగాయి. సరిగ్గా ఆ వేళకే భువనేశ్వరం నుంచి శాఖ పెద్ద దొరగారి భార్య ఐదు కార్లతో దిగింది. సాహుబాబు కుర్చీలు మోయించి పోలమ్మ అరుగు మీద వేయించాడు.

"పోలమ్మా, మేడమ్‌గారికి కొబ్బరినీళ్లు!"

పోలమ్మ తలుపు తీసి చెంబుతో నిలబడింది. అప్పటికే మేడమ్‌గారు, తెల్లటి పట్టుచీరలో, గొయ్యి తవ్వుకుంటున్న తాబేలు వీపు మీద శాలువా పరిపించి దాని మీద కూర్చున్నారు. గుమస్తా ఫోటో తీశాడు. సాహుబాబు గొడుగు పట్టాడు.

"ఒలమ్మ ఒలమ్మ! కడుపుతో ఉన్నదాని మీద కూకుంటావేటి తల్లీ!" పోలమ్మ గుమ్మంలోంచే కేకేసింది.

మేడమ్‌గారు లేవగానే తాబేలు ఒక్క గుడ్డయినా పెట్టకుండా, గొయ్యి సగంలో వదిలేసి, శాలువా ఈడ్చుకుంటూ సముద్రంలోకి వెళ్లిపోయింది.

మేడమ్‌గారు ఆ ఫోటోను "ప్రకృతి ఒడిలో నేను" అని లోకానికంతా పంపారు. లోకం మండిపడింది. పత్రికలు గోల చేశాయి. 'ఫోటోలో ఉన్న దోషిపై తక్షణం చర్య తీసుకోవలెను' అని పైనుంచి ఉత్తర్వు దిగింది. సాహుబాబు ఫోటో ముందేసుకుని రాత్రింబవళ్లు దోషి కోసం వెతికాడు. తాబేలా? దానికి ఆంక్ష లేదు. మేడమ్‌గారా? పాసు ఉంది. పైగా శాలువా మీద కూర్చున్నారు గనుక ముట్టుకున్నట్టు కాదు. ఇక మిగిలింది వెనకాల గుమ్మంలో, చెంబుతో, పాసు లేకుండా నిలబడిన పోలమ్మ!

సాహుబాబు గుమ్మం ముందు నిలబడి నోటీసు చదివాడు. "పది రోజుల్లో ఇల్లు ఖాళీ చెయ్యాలి పోలమ్మా. తాబేలును చూసినట్టు ఫోటో సాక్ష్యం ఉంది."

"ఏదీ, ఆ పటం ఇలాగియ్యి బావూ." పోలమ్మ కాసేపు చూసి, వేలు పెట్టి చూపింది. "నా కళ్లెటున్నాయో సరిగ్గా సూడు. నాను తాబేల్ని సూడ్నేదు. దాని మీద కూకున్న ఆ యమ్మ మొకంకేసి సూత్తన్నాను. అదే రాసుకో!"

సాహుబాబు కళ్లజోడు తుడుచుకుని చూశాడు. నిజమే. నిప్పులు కక్కుతున్న ఆ రెండు కళ్లూ మేడమ్‌గారి మొహం మీదే ఉన్నాయి! కానీ అది రాయాలంటే ఆ యమ్మ ఎవరో రాయాలి. ఎక్కడ కూర్చుందో రాయాలి. గొడుగెవరు పట్టారో కూడా రాయాలి.  సాహుబాబు నోటీసు నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. 'సాక్ష్యం చాలదు' అని ఫైలు మూసేశారు. ఇల్లు నిలిచింది.

వారం తిరక్కుండా రంగు డబ్బాతో శాఖ మనిషి వచ్చి, పచ్చబోర్డు మీద పదకొండో నిబంధన చేర్చి వెళ్లాడు: "తాబేళ్లను చూడటానికి వచ్చిన పెద్దలను చూడరాదు."

అది మాత్రం ఒడియాలో రాయలేదు. తెలుగులోనే రాశారు.