మిరప గోదాములో భీమేశ్వర పరిశోధన

“ఎంతటి నేరస్థుడైనా సరే, ఈ భీమేశ్వరరావు దగ్గర ఆడి పప్పులు ఉడకవు!”

గోదాము గుమ్మంలో నిలబడి ఇలా ప్రకటించిన పెద్దమనిషికి బరంపురం గోసాని నువాగాం పేటలో ప్లాస్టిక్ బకెట్ల కొట్టు ఉంది. అపరాధ పరిశోధన మాత్రం ఆయన చేసే దేశసేవ. పోయిన వానాకాలం మిత్రుడు రవికాంత్ గొడుగు పోతే మూడు రోజులు బరంపురమంతా గాలించి పట్టుకున్నాడు. అది ఆయన కుర్చీకే తగిలించి ఉంది.

సౌందర్యకి నవ్వు రాలేదు. తండ్రి వైకుంఠరావుని బతిమాలి, ఆయన మిరపకాయల గోదాములో ఎస్కేప్ రూమ్ పెట్టిందామె. జనాన్ని లోపల పెట్టి తాళం వేస్తుంది. వాళ్లు గంటలో తాళంచెవి వెతుక్కుని బయటపడాలి. మూడు నెలలైనా వ్యాపారం పుంజుకోలేదు.

“మనిసన్నోడు కోరి తాళం ఏయించుకుంటాడేటే?” అన్నాడు తండ్రి పొద్దున. “ఇయాల ఒక్కలైనా నవ్వుతా బయటికొస్తే గది నీది. నేదంటే రేపు బస్తాలు దించేస్తాను.”

ఇప్పుడు తండ్రీ కూతుళ్లు జాలీ కిటికీ వెనక కూర్చున్నారు. లోపల భీమేశ్వరరావు, రవికాంత్, అతని భార్య ఇంద్రజ. జమీందారుగారి హారం పోయిందని కథ. బల్ల మీద చిరిగిన ఉత్తరం, అంకెలు రాసిన తూకంరాళ్లు. దూలానికి వేలాడుతున్న పాత త్రాసు పళ్లెం అడుగున, అయస్కాంతానికి అంటించిన తాళంచెవి. రెండో పళ్లెంలో సరైన రాళ్లు వేస్తే ఇది పైకి లేచి, చెవి కనబడుతుంది.

“అన్నయ్యగారూ, ఇదిగో ఉత్తరం!” అంది ఇంద్రజ.

“ముట్టుకోకమ్మా! తెలివైన దొంగ ఉత్తరం బల్ల మీద ఒగ్గీసి ఎల్తాడా? మనల్ని తప్పుదోవ పట్టించడానికే ఎట్టినాడు.”

అదే లెక్కన తూకంరాళ్లూ మోసమే అయ్యాయి. అన్నింటినీ ఓ గోనెసంచిలో పోసి మూట కట్టేశాడు. నెల రోజులు కూర్చుని అల్లుకున్న చిక్కుముడి అలా సంచిలోకి పోతుంటే సౌందర్యకి కడుపు మండిపోయింది.

భీమేశ్వరరావు ఓ మూలకెళ్లి గొంతుక్కూర్చున్నాడు. “రక్తం! ఎండిపోయింది!” అని వేలితో అద్ది నాలిక మీద వేసుకున్నాడు. మరుక్షణం దగ్గు, కళ్లమ్మట నీళ్లు. “ఇషం!”

“అది కారం గురూ,” అన్నాడు రవికాంత్.

“కారవే! హత్య సేసి, పైన కారం సల్లీసినాడంటే ఆడెంత కఠినాత్ముడో సూడు!”

“హత్య ఏటి? పోయింది హారం కదా?”

“ఇప్పటిదాకా!”

ఇక పది నిమిషాలే ఉన్నాయనగా ఆయన చూపు గోడ మీది ఫ్యూజు మీద పడింది. “ఆటలో లేనిది ఇక్కడెందుకుంది?”

“బాబాయ్, దాన్ని ముట్టుకోకండి!” అని సౌందర్య అరిచేలోపే పీకేశాడు. గది చీకటైపోయింది.

“రేపటికి హమాలీలకి సెప్పీనా?” అని మెల్లగా అడిగాడు తండ్రి. సౌందర్యకి ఏడుపొచ్చేసింది. ఈ మనిషిని ఎందుకు రానిచ్చానురా దేవుడా అనుకుంది.

లోపల రవికాంత్ తడుముకుంటూ వెళ్లి ఫ్యూజు పెట్టాడు. దీపం వెలిగింది. సాయంత్రం కొట్లో దీపం వేయగానే దణ్ణం పెట్టుకోవడం భీమేశ్వరరావుకి పాతికేళ్ల అలవాటు. రెండు చేతులూ జోడించి, బల్బుకి భక్తిగా వంగి, నిటారుగా లేచాడు. తల ఠంగుమని త్రాసు పళ్లేనికి తగిలింది. పళ్లెం అదిరి, తాళంచెవి ఊడి, ఆయన కాలరులో పడింది.

“తేలు! తేలు!”

ఆయన గది నలుమూలలా గంతులేశాడు. చొక్కా లోంచి చెవి జారి కిందపడింది. ఇంద్రజ తీసి తలుపు తెరిచింది. మొగుడూ పెళ్లాలు కడుపులు పట్టుకుని నవ్వుతూ బయటికొచ్చారు.

“సూసినారా?” అన్నాడు భీమేశ్వరరావు రొప్పుతూ. “సీకటితో భయపెట్టి, ఎలుగుతో పట్టుకున్నాను!”

సౌందర్య తండ్రి వైపు తిరిగింది. ఆయన కూడా దీపానికి పెట్టిన దణ్ణం ఇంకా దించలేదు. భుజాలు ఎగిరెగిరిపడుతున్నాయి. నవ్వుతున్నాడు!

“బస్తాలు మేడకింద ఎడదాంలే,” అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. “ఆ రాళ్లు మల్లీ సర్దు. ముప్పై ఏళ్లు తూకం ఏసినోణ్ని, నాకెంతసేపు? తాళం ఏసీ!”

రాళ్లూ తాళంచెవీ సర్ది, తండ్రిని లోపలికి పంపి, సౌందర్య సంతోషంగా తాళం వేసింది.

పావుగంట తర్వాత లోపల్నుంచి బరంపురంలోకెల్లా పెద్ద మిరపకాయల వ్యాపారి గొంతు వినిపించింది. “అమ్మా సౌందర్యా! ఈ మూల ఎర్రగా ఉన్నది ఏటే? రక్తవా?”