దగ్గితే చెప్పినట్టా?

ఆ మంగళవారం పొద్దున శ్రీరామమూర్తి పెట్టుకున్న పని ఒక్కటే. మెట్రో ఎక్కి ఎల్‌బీ నగర్ వెళ్ళడం, లాయరు చేత రెండు అగ్రిమెంట్లు రాయించుకోవడం, మధ్యాహ్నం బేరాల వేళకి దుకాణంలో ఉండడం. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో ఆయనకి భార్య కోటేశ్వరమ్మ పేరు మీద ఒక కర్రీ పాయింట్ ఉంది. అందులో వంట పూలమ్మది, డెలివరీ మహేందర్‌ది, గల్లాపెట్టె కోటేశ్వరమ్మది. ఆయనది పెత్తనం. స్టవ్వు వెలిగించడం కూడా రాని మనిషి. అయినా వంకాయ ఎంత లోతుకి చీరాలో, పోపులో ఇంగువ ఎప్పుడు పడాలో ఏళ్ళ తరబడి పూలమ్మ వెనక నిలబడి చెబుతూనే ఉన్నాడు.

ఈ అగ్రిమెంట్ల పురుగు ఫోనులోంచి వచ్చింది. "పనివాళ్ళని స్టాఫ్‌గా పెట్టుకోకండి, ఇండిపెండెంట్ కాంట్రాక్టర్లుగా రాసుకోండి, సెలవులు, పీఎఫ్‌ల గొడవ ఉండదు, హాయిగా నిద్రపోండి" అని టై కట్టుకున్న కుర్రాడెవరో రీలులో చెప్పాడు. అప్పటిదాకా శ్రీరామమూర్తికి నిద్ర బాగానే పట్టేది. ఆ రీలు చూశాకే పట్టడం మానేసింది.

అసలు ఆ వారం ఆయన ఆలోచించాల్సింది అగ్రిమెంట్ల గురించి కాదు. శనివారం ఉదయలక్ష్మి గారు వస్తున్నారు. ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై, పక్క వీధిలో ఆడపిల్లల హాస్టల్ నడుపుతున్నారు. గుత్తి వంకాయ కూర రుచి చూసి, నచ్చితే హాస్టల్ మొత్తానికి రోజువారీ కూరల ఆర్డరు ఇస్తామన్నారు. సందులో కొత్తగా మూడు కర్రీ పాయింట్లు లేచాక బేరాలు పలచబడ్డాయి. ఈ ఆర్డరు రాకపోతే దుకాణం మూసేసి, అల్మాస్‌గూడలో తన తమ్ముడి సిమెంటు కొట్లో కూర్చోవాల్సిందేనని కోటేశ్వరమ్మ చెప్పేసింది. బావమరిది కింద పనిచెయ్యడం కన్నా ఆ సిమెంటు మింగడం నయమని శ్రీరామమూర్తి అభిప్రాయం.

లాయరు విజయదుర్గ ఆయన స్నేహితుడి కూతురు. నల్లకోటు తొడుక్కుంటూనే విషయం విన్నది.

"మహేందర్ సంగతి సరే బాబాయ్ గారూ. బండి అతనిది, నాలుగు దుకాణాలకి తిరుగుతాడు, ఏ దారిన వెళ్తాడో అతనిష్టం. అతనితో రాసుకోవచ్చు. పూలమ్మ అలా కాదు. గిన్నెలు మీవి, టైము మీది, ఎలా వండాలో చెప్పేది మీరు. ఆవిడ మీ ఉద్యోగే."

"కాంట్రాక్టర్ అని రాసేస్తే సరిపోతుంది కదమ్మాయ్?"

"కాయితం మీద కాంట్రాక్టర్ అని రాసి వంటింట్లో పెత్తనం చేస్తే, కోర్టు చూసేది కాయితాన్ని కాదు, పెత్తనాన్ని. ఏం కావాలో చెప్పొచ్చు. ఎలా చెయ్యాలో చెప్పకూడదు. మీ వల్ల అవుతుందా?"

ఆ చివరి ప్రశ్న ఆమె అడగకుండా ఉండాల్సింది. శ్రీరామమూర్తికి పౌరుషం పొడుచుకొచ్చింది. వద్దని ఆమె ఇంకో రెండుసార్లు చెప్పినా వినకుండా, పట్టుబట్టి రెండూ రాయించుకునే లేచాడు.

"గిదేంది సారు?" అని అడిగింది దుకాణంలో పూలమ్మ, కాయితం అటూ ఇటూ తిప్పుతూ.

"ఇకనుంచి నువ్వు కాంట్రాక్టరువి పూలమ్మా. ఏం వండాలో చెబుతాను. ఎలా వండుతావో నీ ఇష్టం. నేను నోరెత్తను."

పూలమ్మ సంతకం పెట్టే ముందు కోటేశ్వరమ్మ వైపు చూసింది. "సారు పానం మంచిగనే ఉన్నదా అమ్మా?"

బుధవారం పప్పులో ఉప్పు తక్కువైంది. శ్రీరామమూర్తి వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, నోరు తెరిచి, మూసి, బయటికొచ్చి లాయరుకి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, మీ పిన్ని చేత చెప్పించనా?"

"ఆవిడ చెప్పినా మీరు చెప్పినట్టే."

"సైగ చేస్తే?"

"అదీ చెప్పినట్టే."

"పోనీ, దగ్గితే?"

అవతల కోర్టులో ఆమె కేసు పిలుస్తున్నారు. "దగ్గండి, తుమ్మండి, నన్ను మాత్రం వదిలెయ్యండి బాబాయ్ గారూ!"

శ్రీరామమూర్తి దాన్ని న్యాయసలహా కింద తీసుకున్నాడు. నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళి, పప్పు గిన్నె వైపు తిరిగి ఖళ్ళున దగ్గాడు. ఆయన ఉద్దేశంలో అది ఉప్పు.

పూలమ్మ ఉలిక్కిపడింది. పొద్దస్తమానం అరిచే మనిషి హఠాత్తుగా మౌనం పట్టి దగ్గుతున్నాడంటే రోగం ముదిరినట్టే కదా. ఆమెకు నిజంగానే భయమేసింది. పోపు ఘాటు పడటం లేదేమోనని ఎండుమిరపకాయలు మానేసింది. కారం పోయేసరికి ఆయన ఇంకా గట్టిగా దగ్గాడు. దగ్గుకి పులుపు పనికిరాదు కాబట్టి చింతపండు మానేసింది. ఆయన వరసపెట్టి దగ్గాడు. నూనె కూడా మానేసింది.

"మా అత్త చెప్పేదమ్మా, పథ్యం తప్పితే ఏ దవాఖాన ఏం చెయ్యలేదని," అంది కోటేశ్వరమ్మతో, సొరకాయ ముక్కలు ఉడకేస్తూ. "సారు కడుపుల పడేది ఈ కూరలే కద."

ఆ విధంగా శ్రీరామమూర్తి దగ్గుకి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ పిల్లలంతా పథ్యం చేశారు.

గురువారం సాయంత్రం మహేందర్ హెల్మెట్ చంకలో పెట్టుకుని వచ్చాడు. "సార్, ఎంసెట్ పోరగాండ్లు పరేషాన్ అయితున్నరు. 'అన్నా, మాకు తెల్వకుండ మాకేమన్న జరం ఒచ్చిందా?' అని అడుగుతున్నరు. నేనేం చెప్పాలె?"

శ్రీరామమూర్తి చెప్పలేదు. దగ్గాడు. అలవాటైపోయింది. కౌంటర్ దగ్గరున్న ఇద్దరు కొనేవాళ్ళు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని ఎదురు దుకాణానికి వెళ్ళిపోయారు.

"నన్నెలాగూ చెప్పనివ్వరు, మీరైనా నోరు విప్పి ఒక్క మాట చెప్పండి మహానుభావా," అంది కోటేశ్వరమ్మ.

"చెబితే పూలమ్మ ఉద్యోగి అయిపోతుందే!"

"అయితే అవనివ్వండి. ఆకాశం విరిగి మీద పడుతుందా?"

"నా వల్ల కాదని ఆ లాయరు పిల్ల ముందే అంది. ఇప్పుడు మాట్లాడితే నా పరువేం కాను?"

శుక్రవారం రాత్రి గల్లా కట్టేటప్పుడు, ఏం కావాలో మాత్రం చెప్పొచ్చన్నది గుర్తొచ్చి ఆయన గుత్తి వంకాయ అని మూడుసార్లు గట్టిగా చెప్పాడు. పూలమ్మకు జాలి వేసింది. ఒంట్లో బాగాలేనప్పుడు మనిషి నోరు రుచులు కోరడం సహజం.

"మీరు పరేషాన్ కాకున్రి సారు. మీ పానానికి పడేటట్టే చేస్త," అంది.

శనివారం ఉదయలక్ష్మి గారు తన చెంచా తానే తెచ్చుకుని వచ్చారు. పూలమ్మ మూత తీసింది. వంకాయలు తొడిమలతో సహా ముద్దొస్తున్నాయి. కాకపోతే వాటిలో మసాలాకి బదులు మిరియాలు కలిపిన పెసరపప్పు ముద్ద ఉంది. నూనె చుక్క లేకుండా ఆవిరి మీద ఉడికాయి. ఆవిడ ఒక కాయ నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలి, అడిగారు.

"ఒంట్లో బాగాలేనిది ఎవరికి?"

"సారుకే మేడం," అంది పూలమ్మ, కళ్ళొత్తుకుంటూ. "బుధారం సంది ఒకటే దగ్గు."

"డాక్టరుకి చూపించారా?"

"ఆయనకున్నది రోగం కాదండీ, అగ్రిమెంటు," అంది కోటేశ్వరమ్మ.

ఉదయలక్ష్మి గారు చెంచా తుడుచుకుని సంచిలో వేసుకుని లేచారు. శ్రీరామమూర్తి కళ్ళ ముందు సిమెంటు బస్తాలు, వాటి వెనక బావమరిది నవ్వు కనబడ్డాయి. అంతే, మూడు రోజులుగా గొంతులో ఇరుక్కున్నదంతా కట్ట తెంచుకుంది.

"పూలమ్మా! కొత్త కాయలు తియ్యి, ఉప్పునీళ్ళలో వెయ్యి, పల్లీలు దోరగా వేయించు, మాడాయా ఊరుకోను, కొబ్బరి పిడికెడు చాలు, కారం గుంటూరుది, చింతపండు నానెయ్యి, నూనెకి పిసినారితనం పనికిరాదు, మూత పెట్టు, మూత మాటిమాటికీ తియ్యకు, తీశావో చూడు!"

పూలమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత ఆమె మొహం వెలిగిపోయింది.

"అమ్మా, సారుకు నయమయ్యింది!"

ఉదయలక్ష్మి గారు మళ్ళీ కూర్చున్నారు. కాసేపట్లో సందు సందంతా మసాలా వాసన కమ్మేసింది. రెండో వాయి కూర తిని, ముక్కు తుడుచుకుని, ఆవిడ తల ఊపారు.

"కూర బావుంది. అంతకన్నా మీరు అరిచిన తీరు బావుంది. వంటవాళ్ళ నెత్తిన ఇలా నిలబడే మనిషి కోసమే వెతుకుతున్నాను. ఆర్డరు మీకే. అయితే వండేది మా హాస్టల్ వంటింట్లో, మా గిన్నెల్లో, నేను చెప్పిన వేళకి. మీరు దగ్గరుండాలి."

శ్రీరామమూర్తి అన్నింటికీ తల ఊపాడు. ఆనందంలో ఇంకో రెండుసార్లు ఎక్కువే ఊపాడు. ఆ సాయంత్రం పూలమ్మ అగ్రిమెంటు తన చేత్తోనే చింపేసి, విజయదుర్గ చెప్పినట్టు ఆమెను ఆదివారం సెలవుతో సహా ఉద్యోగిగా రాయించాడు. మహేందర్ కాయితం జోలికి ఎవరూ పోలేదు.

సోమవారం తెల్లవారకుండానే హాస్టల్ వంటింట్లో పూలమ్మ వెనక శ్రీరామమూర్తి నిలబడ్డాడు. శ్రీరామమూర్తి వెనక ఉదయలక్ష్మి గారు నిలబడ్డారు.

"అక్కడ కాదు, ఇటు నిలబడండి. అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పకండి, ఒక్కొక్కటీ విడివిడిగా చెప్పండి. 'చూడు' అని బెదిరించకండి. ఇప్పుడు 'మూత పెట్టు' మళ్ళీ చెప్పండి, వింటాను."

పూలమ్మకు అంత సుఖంగా వంట చేసిన రోజులు అంతకుముందు లేవు.

వారం తిరిగేసరికి శ్రీరామమూర్తి లాయరుకి ఫోన్ చేశాడు.

"అమ్మాయ్, హాస్టల్ ఆవిడ నా చేత కాంట్రాక్టర్ అని సంతకం పెట్టించుకుంది. కానీ గిన్నెలు ఆవిడవి, టైము ఆవిడది, ఎలా అరవాలో కూడా ఆవిడే చెబుతోంది. నేను కాంట్రాక్టర్నేనా?"

అవతల నవ్వు ఆపుకుంటున్న చప్పుడు వినబడింది.

"నా లెక్కన మీరు ఆవిడ ఉద్యోగి బాబాయ్ గారూ."

"మరి ఇప్పుడు నేనేం చెయ్యను?"

"ముందు సెలవు అడిగి చూడండి."

ఆ సాయంత్రం శ్రీరామమూర్తి హాస్టల్‌కి వెళ్ళి, చేతులు కట్టుకుని, తనకూ ఆదివారం సెలవు కావాలని అడిగాడు. సెలవు ఎలా అడగాలో ఉదయలక్ష్మి గారు ఓపికగా నేర్పించారు, ఇవ్వడం మాత్రం ఇవ్వలేదు.