పనయోతి తల్లి సంవత్సరీకం

ఆ గురువారం ఉదయం పనయోతి బేకరీలో చెయ్యాల్సిన పని రెండే రెండు ముక్కలు. ఒక పళ్లెం పెళ్లింటికి పంపాలి, ఇంకో పళ్లెం ఓడకు పంపాలి. ఇంత చిన్న పనిలో తప్పు జరగాలంటే ఎవరికో ఒకరికి అతి తెలివి ఉండాలి. పోచన్నకు అది పుష్కలంగా ఉంది.

పనయోతి గ్రీకు దేశస్థుడు. డెబ్బై ఆరులో ఓడలో వంటవాడిగా వచ్చి, దుబాయ్‌కి అవతలి తీరాన ఫుజైరా దగ్గర నిచ్చెన మీంచి జారి కాలు విరగ్గొట్టుకుని ఒడ్డున దిగాడు. కాలు అతుక్కునేలోగా ఓడ ఇంకో వంటవాణ్ణి చూసుకుని వెళ్లిపోయింది. చేతిలో ఉన్న విద్య రొట్టె కాల్చడం కాబట్టి రొట్టెలే కాల్చాడు. ఎనిమిదేళ్లలో ఒక పొయ్యి రెండయింది, వ్యాను వచ్చింది, నెత్తి మీద జుట్టు పోయింది. ఊళ్లో అరబ్బులు అతన్ని గ్రీకువాడన్న అర్థంలో ‘యునాని’ అంటారు. ఆ పేరు విని హైదరాబాదు వాళ్లు కొందరు కీళ్ల నొప్పులకు మందడుగుతూ వచ్చేవారు. పనయోతి వాళ్ల చేతుల్లో వేడి రొట్టె పెట్టి పంపేవాడు. కొందరికి తగ్గిందని కూడా చెప్పుకున్నారు.

అతన్ని ‘ముదీర్’ అని, అంటే యజమాని అని పిలిచే పనివాళ్లు ఇద్దరు. పోచన్నది మెట్‌పల్లి పక్క పల్లె. ఇటుకలు మొయ్యడానికి వచ్చి, నడుం పట్టేసి, మూడేళ్ల కిందట పిండి పిసకడంలో కుదురుకున్నాడు. మీరావలిది నెల్లూరు. వ్యాను తోలుతాడు, అరబ్బీ గడగడా మాట్లాడతాడు, అవసరమైతే అందులోనే అబద్ధాలూ ఆడతాడు.

బేకరీకి కఫీల్ ఖల్ఫాన్. స్థానికుడి పూచీ లేనిదే పరాయివాడు అక్కడ దుకాణం నడపలేడు. ఏటా లైసెన్సు కాగితం మీద కఫీల్ సంతకం పడాలి. ఈసారి గడువు శనివారం. ఖల్ఫాన్ మాత్రం, "గురువారం మావాడి పెళ్లి. అది కానీ, అక్కడే సంతకం పెట్టేస్తా" అని కాగితం జేబులో పెట్టుకున్నాడు. సంతకం పడకపోతే దుకాణానికి తాళం, ఆ తాళంతోపాటు పోచన్న, మీరావలి వీసాలు కూడా ఖలాస్. ఈ సంగతి తలుచుకుని పోచన్న వారం రోజులుగా రొట్టెల్లో ఉప్పు రెండుసార్లు వేస్తున్నాడు.

పెళ్లి అదే రోజున పడింది గానీ, ఆ రోజు పనయోతి తల్లి సంవత్సరీకం కూడా. ఆమె తన ద్వీపంలో పోయినప్పుడు కొడుకు వెళ్లలేకపోయాడు. అందుకని తీరానికి దూరంగా లంగరు వేసిన ఒక గ్రీకు ఓడ కెప్టెన్‌ను బతిమాలుకున్నాడు. ఓడలో పంతొమ్మిది మంది గ్రీకులున్నారు. వాళ్లంతా ఆవిడ పేరున పెట్టింది తిని, ‘దేవుడు ఆమెను కరుణించుగాక’ అని తలా ఒక్కమాట అనాలి. అదీ వాళ్ల ఆచారం. తెల్లవారకముందే పనయోతి నల్లచొక్కా తొడుక్కుని, ఓడ మీద ఏర్పాట్లు చూడ్డానికి ముందుగా ఒక లాంచీలో బయల్దేరాడు.

"పోచన్నా! యే ట్రే ఖల్ఫాన్ ఘర్. వో ట్రే మీనా, లాంచ్ మే. గల్తీ నహీ!" అని, ఒకటి ఖల్ఫాన్ ఇంటికి, ఇంకోటి రేవులో తర్వాతి లాంచీకి వేలు చూపించి చెప్పి వెళ్లాడు.

పోచన్న వేలు చూశాడు, తల ఊపాడు. ఊరుకుంటే బాగుండేది. రెండు పళ్లాల మీది గుడ్డలూ ఎత్తి చూశాడు.

పెళ్లింటి పళ్లెంలో నువ్వులద్దిన రస్కులున్నాయి. కహ్వా కాఫీలో ముంచుకు తినడానికి ఖల్ఫాన్ ఇంట్లో అందరికీ అవంటే ప్రాణం. ఓడకు వెళ్లే పళ్లెంలో కోలివా ఉంది. ఉడకబెట్టిన గోధుమలు, బాదం, కిస్‌మిస్, దానిమ్మ గింజలు కలిపి, పైన తెల్లటి పంచదార పొడి పరిచి, దాని మీద వెండిరంగు మిఠాయి పూసలతో పూలు అద్దాడు పనయోతి. పంతొమ్మిది మందికి కాదు, పేటకు సరిపడా చేశాడు. అమ్మ విషయంలో కొలతలేమిటని అతని ఉద్దేశం.

పోచన్న మొదటి గుడ్డ మళ్లీ ఎత్తాడు. నువ్వులా? పెళ్లికా? తండ్రి దినాలప్పుడు తన చేత్తో నువ్వులు, నీళ్లు వదిలాడు. చచ్చినవాళ్లకు నువ్వులు గానీ పెళ్లివాళ్లకు నువ్వులేమిటి? ఇక ఆ రెండో పళ్లెం పెళ్లిపీట కన్నా ముస్తాబుగా ఉంది.

"మీరావలి భాయ్, జర ఇటు రా! ముదీర్ ఏడ్సుకుంట తారుమారు జేసిండు. సచ్చినోళ్ల కూటికి ఇంత సింగారం జేస్తరా ఎవలన్న? గీ నువ్వులేమో పెండ్లికట! తీస్కపోతె కఫీల్ మనల బతకనిస్తడా?"

మీరావలి గోక్కుంటూ చూశాడు. "వాళ్ల దేశంలో ఎట్టనో మనకేం తెలుసు పోచన్నా? చెప్పినట్టు చేద్దాం."

"దేశమేదైతేంది, సావు సావే. నువ్వు తీస్కపో. తప్పయితె నాది."

ఈ చివరి మాట మీరావలికి బాగా నచ్చింది. రస్కులు లాంచీకి, కోలివా పెళ్లింటికి చేర్చేశాడు. పోచన్న తనను తానే మెచ్చుకుంటూ పిండి కలుపుతున్నాడు. పదకొండు గంటలకు వ్యాను వచ్చి గోడకు గుద్దుకుని ఆగింది.

"కొంప మునిగింది పోచన్నా! పద, కఫీల్ పిలస్తుండాడు!"

జరిగింది ఇదీ. పళ్లెం ఆడవాళ్ల డేరాలోకి వెళ్లింది. ఓ రెండువందల మంది తలా గరిటెడు తిని ఆహా అన్నారు. అందులో బడి పెద్దపంతులమ్మ ఉమ్ నబీల్ ఉంది. ఆవిడది సిరియా. ఆవిడ ఊళ్లో చంటిబిడ్డకు మొదటి పన్ను రాగానే అచ్చం ఇలాగే గోధుమలు ఉడకబెట్టి, పంచదార, దానిమ్మ చల్లి ఇరుగుపొరుగుకు పంచుతారు. ఆవిడ రెండో గరిటె తింటూ సంతోషంగా, "ముబారక్! ఇంతకీ ఈ ఇంట్లో ఎవరి బిడ్డకు పళ్లొచ్చాయి?" అని అడిగింది.

ఖల్ఫాన్ ఇంట్లో చంటిబిడ్డలు లేరు. అందరికన్నా చిన్నవాడు పెళ్లికొడుకే. ఆ పెళ్లికొడుకు రెండేళ్లు బొంబాయిలో వ్యాపారం నేర్చుకుని వచ్చాడు. ఈ మూడు సంగతులను పెళ్లికూతురి తల్లి ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంది. పావుగంటలో బొంబాయిలో పెళ్లికొడుక్కి ఒక భార్య తయారైంది. అరగంటలో ఆమెకు కవలలు పుట్టారు. పెళ్లికూతురి తండ్రి, "ఈ పళ్ల సంగతి తేలేదాకా కాగితం మీద సంతకం లేదు" అని నిఖా దగ్గర కూర్చున్న కాజీగారి పెన్ను లాక్కుని తన జేబులో పెట్టుకున్నాడు.

"ఉన్నది చెప్పేద్దాం మరి," అన్నాడు పోచన్న, వ్యానులో.

"ఉన్నది ఏంది? ‘సాయిబూ, మీ పెళ్లోళ్లంతా తిన్నది సావు కూడు’ అని చెప్తావా? దానికంటే బొంబాయి పెళ్లామే నయం! నువ్వు నోరు మెదపబాక. నీ బిడ్డకు పళ్లొచ్చినాయని, ఆ సంతోషంలో నువ్వే పంపినావని చెప్పేస్తా."

"నా బిడ్డకు పన్నెండేండ్లు! పాలపండ్లు ఊడి మల్ల గుడ వచ్చినయ్!"

"ఆళ్లేమన్నా వచ్చి చూస్తారా? తల ఊపు, చాలు."

మగవాళ్ల డేరాలో ఖల్ఫాన్ నిలబడే ఉన్నాడు. జేబులోంచి లైసెన్సు కాగితం కొస బయటికి కనబడుతోంది. పోచన్న చూపు దాని మీదే ఉంది. మీరావలి చేతులు తిప్పుతూ అరబ్బీలో అందంగా అల్లేశాడు. ఎక్కడో పల్లెలో ఎనిమిది నెలల పసిపాప, నిన్ననే వచ్చిన ఉత్తరం, ఆనందం పట్టలేని తండ్రి. పోచన్న తల ఊపాడు. డేరా అంతా ఒక్కసారి ఊపిరి పీల్చుకుంది. పెళ్లికూతురి తండ్రి మొహం విచ్చుకుంది. పోచన్నను దగ్గరికి తీసుకుని, తనకొచ్చిన హిందీలో ఆప్యాయంగా అడిగాడు.

"ముల్క్ కబ్ గయా థా?"

దేశం ఎప్పుడు వెళ్లావని గల్ఫ్‌లో రోజుకు పదిమంది అడుగుతారు. పోచన్న నోరు అలవాటుగా తెరుచుకుంది.

"తీన్ సాల్ హువా, అర్బాబ్."

డేరాలోవాళ్లు వేళ్లు మడిచి లెక్క వేసుకున్నారు. బిడ్డకు ఎనిమిది నెలలు, తండ్రి ఇల్లు చూసి మూడేళ్లు. పెద్దమనుషులు నేలచూపులు చూశారు. ఒక ముసలాయన వచ్చి పోచన్న భుజం మీద చెయ్యి వేసి, ఓర్చుకోమంటూ, "సబర్, బేటా, సబర్" అన్నాడు. ఇంకొకాయన జాలిగా ఖర్జూరపండు చేతిలో పెట్టాడు. వీళ్లంతా తనను ఎందుకు ఓదారుస్తున్నారో పోచన్నకు అర్థం కావడానికి ఆ ఖర్జూరం సగం తినేంత సేపు పట్టింది. అర్థం కాగానే గింజతో సహా ఉమ్మేశాడు.

"అరె! నా పెండ్లాం గౌరవ్వనా? బంగారమసొంటి మనిషిని! ఖలాస్, వీసా పోతె పాయె!" అని మీరావలిని పక్కకు తోసేసి, వచ్చిన భాషలన్నీ కలిపి అరిచాడు. "బిడ్డ నహీ, పండ్లు నహీ! ముదీర్ కా మా మర్ గయా! యే ఉస్కా ఖానా! గల్తీ మేరా!"

ఇంతకుముందు చూపుల్లో జాలైనా ఉంది. ఇప్పుడు అదీ లేదు. పెళ్లినాడు రెండువందల మంది ఆడవాళ్లు పోయినవాళ్ల కూడు తిన్నారన్న మాట రెండు డేరాల మధ్య తెర దాటి వెళ్లింది. తెర అవతల పెళ్లికూతురి తల్లి పెట్టిన కేక ఇవతలికి వచ్చింది. ఖల్ఫాన్ జేబులోంచి లైసెన్సు కాగితం తీసి రెండు చేతులతో పట్టుకున్నాడు. కాగితం చింపేవాడు అలాగే పట్టుకుంటాడు.

సరిగ్గా అప్పుడు పనయోతి వచ్చాడు. మోకాళ్లదాకా తడిసి, నెత్తిన రస్కుల పళ్లెంతో రొప్పుతున్నాడు. ఓడ మీద కొవ్వొత్తి వెలిగించి, కెప్టెన్ టోపీ తీసి, పంతొమ్మిది మందీ తలలు వంచాక గుడ్డ ఎత్తితే రస్కులు కనబడ్డాయట. డేరాలో మొహాలు చూడగానే మిగతాది అతనికి బోధపడింది. పళ్లెం దించి, తనకొచ్చిన బజారు అరబ్బీలో మాట్లాడాడు. మీరావలి పోచన్న చెవిలో తెలుగు చేశాడు, ఈసారి ఒక్క మాట కూడా మార్చకుండా.

"క్షమించండి అంటుండాడు. అమ్మ పోయినప్పుడు దగ్గర లేనంట. ఈ ఊళ్లో ఆమెను ఎరిగినోళ్లు ఒక్కరూ లేరంట. నలుగురు తిని ఒక్క మంచిమాట అంటారని ఆశపడినాడంట. మీ పెళ్లి చెడగొట్టాలని కాదు, దుకాణం మూసెయ్యమన్నా మూసేస్తా అంటుండాడు."

పోచన్నకు ఏడుపొచ్చింది. తన తెలివిని తనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

అప్పుడు తెర కదిలింది. కర్ర తాటించుకుంటూ ఖల్ఫాన్ తల్లి బయటికి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. ఆ డేరాలో సగం మందిని ఎత్తుకుని తిప్పిన చెయ్యి. ఆమె మగవాళ్ల మధ్యకు వస్తే అడ్డుచెప్పే మగవాడు ఫుజైరాలో ఇంకా పుట్టలేదు.

"ఎవరికి పళ్లొచ్చాయనేగా ఈ రభస? నాకొచ్చాయి!" అని మొహం మీది బుర్ఖా అంచు ఎత్తి ఇకిలించింది. ముప్పై రెండూ ముత్యాల్లా మెరిశాయి. సోమవారమే దుబాయ్‌లో కట్టించుకుని, పెళ్లిలో చూపిద్దామని దాచుకుందట. పెళ్లికూతురి తండ్రికి ఇంకా నమ్మకం చిక్కలేదని గమనించి, పైవరుస ఊడదీసి అరచేతిలో పెట్టి ఆయన ముక్కు కిందికి చాచింది. ఆయన రెండడుగులు వెనక్కి వేసి, ఆ పళ్లకు సలాం చేశాడు.

ఉమ్ నబీల్ తెర వెనకనుంచి, "మొదటిసారి వచ్చిన పళ్లే కదా, ఆచారం సరిపోయింది" అని పంతులమ్మ గొంతుతో తీర్పు చెప్పింది.

ముసలమ్మ పళ్లు లోపల పెట్టుకుని పనయోతి వైపు తిరిగింది. గొంతు తగ్గించింది.

"నా పెళ్లినాటికి నాకూ అమ్మ లేదు. ఆమె పేరు చెప్పి ఆ రోజు ఎవరూ ఒక్క ముద్ద తినలేదు. నేను ఇవాళ మూడుసార్లు వడ్డించుకున్నాను నాయనా. పెళ్లిలో తల్లిని తలుచుకుంటే అశుభమా?" అని జనం మీద కర్ర ఆడించింది. "తిన్నవాళ్లూ తిననివాళ్లూ, అందరూ అనండి!"

"అల్లా యర్‌హమ్‌హా" అన్నారు మగవాళ్లు. తెర వెనకనుంచి ఆడవాళ్లూ అన్నారు. దేవుడు ఆమెను కరుణించుగాక. ఓడ మీద పంతొమ్మిది గొంతులు అనాల్సిన మాట ఇక్కడ నాలుగువందల గొంతులు అన్నాయి. పనయోతి ఇసుకలో కూలబడి పసివాడిలా ఏడ్చాడు, ఏడుస్తూనే నవ్వాడు. ఏడాదిగా గుండెల మీదున్న బరువు దిగిపోయిందని అతని మొహమే చెప్పింది. పోచన్న పక్కన కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు.

కాజీగారికి పెన్ను తిరిగి వచ్చింది, నిఖా అయింది. ఖల్ఫాన్ అదే పెన్ను అడిగి తీసుకుని, మీరావలిని వంగమని, వాడి వీపు మీద కాగితం పెట్టి లైసెన్సు సంతకం చేశాడు. "మా అమ్మ ఆ తెల్లది ప్రతి గురువారం పంపమంటోంది" అన్నాడు. పనయోతి కాసేపు ఆలోచించి, తిన్న ప్రతివాళ్లూ అమ్మను తలుచుకుంటారంటే అమ్మకు కోపమెందుకని, మర్నాటి నుంచి కోలివా దుకాణంలోనే పెట్టాడు. పోచన్నను మాత్రం చెవి పట్టుకుని, "పోచన్నా, దిమాగ్ థోడా కమ్ కరో" అన్నాడు.

ఆరు నెలలు తిరక్కుండా ఫుజైరాలో పదకొండు మంది పెద్దవాళ్లు పళ్లు కట్టించుకుని ఊరికి కోలివా పంచారు. అందులో ఇద్దరికి అంతకుముందు ఒక్క పన్నూ ఊడి ఉండలేదు.