నూట పన్నెండో పుట పరిరక్షణ

గంభీర సాహిత్య సంఘం వారి గ్రంథాలయంలో గత నెల ఒక మంగళవారం సాయంత్రం ఒక నవ్వు వినిపించిందనీ, అది ఫ్రెంచి విభాగం వైపు నుంచే వచ్చిందనీ ఇందుమూలంగా చదువరులందరికీ తెలియజేయడమైనది. నవ్విన మనిషి పారిపోవడానికి ప్రయత్నించలేదు. పైగా అదే పుట మళ్లీ చదివి ఇంకోసారి నవ్వింది.

ఆమె దర్జీ దుకాణంలో కాజాలు కుడుతుంది. చేతిలో ఉన్నది ఒక ఫ్రెంచి నవలకు తెలుగు అనువాదం. ఆ నవల సంఘానికి ప్రాణం. ఏటా దాని మీద సదస్సు పెడతారు, పదకొండు మంది ప్రసంగిస్తారు, చివర ఫొటో దిగుతారు. అంత గౌరవం ఉన్న పుస్తకాన్ని చదివి నలిపేంత సాహసం వాళ్లలో ఎవరూ చేయలేదు. కాజాల ఆవిడకు ఈ మర్యాదలు తెలియవు. ఇంటికి తీసుకెళ్లి మోకాళ్ల నొప్పులతో మంచం మీదున్న అత్తగారికి రోజూ పైకి చదివి వినిపించేది. నలభయ్యో పుటలో కథానాయకుడు రచయిత మీద అలిగి నవల్లోంచి వెళ్లిపోతాడు. తనకు జలుబు తెప్పించి మూడు అధ్యాయాలైనా తగ్గించలేదని ఆయన కోపం. అక్కణ్ణించి కథ అతను మర్చిపోయిన గొడుగు నడుపుతుంది. తొమ్మిదో అధ్యాయం తొందరపడి అయిదో దానికంటే ముందే వస్తుంది. అత్తాకోడళ్లు పొట్ట పట్టుకుని నవ్వేవారు.

ఆ మంగళవారం గడువు పొడిగించుకోవడానికి వచ్చి, వరుసలో నిలబడి, ముందురోజు రాత్రి అత్తగారికి చదివి ఆపిన నూట పదకొండో పుట మళ్లీ తీసింది. అందులో రచయిత ఇలా రాశాడు: "ఇంతసేపూ మిమ్మల్ని విసిగించి నేనూ అలిసిపోయాను. కాఫీ తాగి వస్తాను. వెనక పుట ఖాళీగా ఉంటుంది, కంగారు పడకండి. మీరూ కాస్త కాళ్లు చాపుకోండి."

వెనక నూట పన్నెండో పుట ఖాళీగానే ఉంది. చిక్కల్లా ఆ పుటతోనే వచ్చింది. సంఘం ఉపాధ్యక్షులు డాక్టరుగారు ఆ ఖాళీ పుట మీదే డాక్టరేటు పొందారు. 'శూన్యం ముందు మానవుడు' అనే నాలుగు వందల పుటల పరిశోధన అది. పుస్తకం తెరవగానే ఆయనకు నూట పన్నెండే కనిపించింది. అది చాలినంత పని ఇచ్చింది కనుక కాగితం ఇవతలి వైపు చూసే తీరిక దొరకలేదు.

విచారణ సంఘం వెంటనే సమావేశమైంది. అధ్యక్షులవారు గొంతు సవరించుకున్నారు. "ఇది నవ్వొచ్చే పుస్తకమైతే, ఇరవై ఏళ్లుగా మనం చేస్తున్నదేమిటి?" అని సభను సూటిగా అడిగారు. డాక్టరుగారు కాఫీ వాక్యాలను చాలాసేపు చూసి, అవి అచ్చుతప్పులని తేల్చారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. తప్పు పడిన పుటను కత్తిరించి ఖాళీ పుటను కాపాడాలి. ముద్దాయి తాను నవ్వలేదనీ, దగ్గాననీ రాసివ్వాలి. చేతిపని తెలిసిన మనిషి కనుక ఆ కత్తిరింపు ఆమే చేయాలి. గంభీరంగా చదవడం నేర్పే పది తరగతులకు హాజరు కావాలి. ఇవన్నీ చేస్తేనే సంఘం పట్టి ఉంచిన గ్రంథాలయం కార్డూ పుస్తకమూ చేతికొస్తాయి.

నవల ఇంకా సగం ఉంది. కాఫీకి వెళ్లినాయన ఏమయ్యాడోనని అత్తగారు ఇంట్లో ఎదురుచూస్తోంది. ఆమె సంతకం పెట్టి, సంచిలోంచి కత్తెర తీసింది. కాగితాన్ని బట్టలా అటూ ఇటూ తిప్పి చూసి ఆగింది.

"అయ్యా, దీని వెనకే కదండీ మీ..."

"వెనకా ముందూ మాకు చెప్పకమ్మా. కానివ్వు" అన్నారు డాక్టరుగారు.

ఆమె కానిచ్చింది. నూట పదకొండుతో పాటు నూట పన్నెండూ చేతిలోకి వచ్చింది. డాక్టరుగారు కూలబడ్డారు. ఎవరో మంచినీళ్లిచ్చారు. పావుగంటకు ఆయన లేచిన తీరు చూసి తీరవలసింది.

"మిత్రులారా, ఖాళీ పుట ఉన్నంతకాలం మనం దాన్ని చూడగలిగాం. అది మన బలహీనత. ఇవాళ చూద్దామన్నా లేదు. శూన్యం ఇప్పటికి పరిపూర్ణమైంది." చప్పట్లు ఆగలేదు. రెండో డాక్టరేటుకు అక్కడికక్కడే సన్నాహాలు మొదలయ్యాయి.

తరగతుల్లో లేని పుటను చూడటం నేర్పారు. మొదటిరోజు "కనిపిస్తోందా?" అని అడిగితే అందరూ కనిపిస్తోందన్నారు. ఆమె కార్డును తలుచుకుని "కనిపిస్తోందండి" అంది. మూడోరోజుకు అడక్కముందే అంది. అయిదోరోజు డాక్టరుగారు ఆమెను ముందు వరసలో కూర్చోబెట్టి 'గారు' అని పిలిచారు. దుకాణంలో పదిహేనేళ్లుగా 'ఏమ్మా, గుండీలయ్యాయా' తప్ప వినని మనిషి. ఆమెకు చాలా బాగుంది. పదోరోజు తనే లేచి, కాజా అంటే బట్టలో మనిషి చేసుకున్న శూన్యమని మాట్లాడింది. ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. 'అర్హ పాఠకురాలు' అని ధ్రువపత్రం, కార్డు, పుస్తకం చేతికొచ్చాయి.

ఇంటికి రాగానే అత్తగారు దిండుకు ఆనుకుని కూర్చుంది. "చదువమ్మా. ఆ కాఫీ ఆయన వచ్చాడా?"

కోడలు నూట పదమూడు తెరిచింది. "వచ్చేశాను. కాఫీలో చక్కెర ఎక్కువేశారు. ఇంతసేపూ మీరేం చేశారు?" అని ఉంది. కనుబొమలు ముడిచి, పెన్సిలుతో గీత గీసి, పుస్తకం మూసింది.

"కాఫీ కాదత్తయ్యా. పైకి అలా అనిపిస్తుంది. ఆయన శూన్యంలో కలిశాడు."

"అయ్యో, పోయాడా? నిన్నమొన్నటిదాకా ఎంత నవ్వించాడు" అంటూ అత్తగారు కొంగుతో కళ్లొత్తుకుంది.

కోడలికి కడుపు నిండినట్టయింది. చదువుకోని మనిషైనా అత్తగారికి ఆ నవల ఇన్నాళ్లకు సరిగ్గా అర్థమైంది.