గోలీకీ చాయ్‌కీ నడుమ

తాండూరు చుట్టుపక్కల ఆడపిల్లల నరనరాన ఇనుము నింపేదాకా విశ్రమించనని మా నాయకుడు ప్రేమ్‌సాగర్ గారు మా బడి మైకులో ప్రకటించారు. మేం చప్పట్లు కొట్టాం. సరిపోలేదేమోనని హెడ్‌మాస్టర్ మళ్ళీ కొట్టించారు.

ఆ ఇనుము మా క్లాసు సింధుజకు నిజంగానే కావాలి. రక్తం పెరిగితేనే వికారాబాద్ కబడ్డీ సెలెక్షన్లకు పేరు పంపిస్తానని పీఈటీ మల్లేశ్వర్ సారు చెప్పేశారు. నేను నోరు విప్పనని నాకు పేరుంది కాబట్టి, నన్ను ఆమె పక్కన ముందు వరుసలో కూర్చోబెట్టారు.

భోజనాలయ్యాక ఇనుము గోలీలు పంచారు. వెనకే ప్రేమ్‌సాగర్ సార్ తెప్పించిన చాయ్ వచ్చింది. నర్సు సత్యమ్మ కెట్లీకి అడ్డం నిలబడింది. చాయ్‌తో మింగితే ఇనుము ఒంటికి పట్టదట, పాలతోనూ అంతేనట, గ్యాస్ గోలీతో అసలే కలపకూడదట. అప్పుడే గ్యాస్ గోలీ నోట్లో వేసుకున్న సార్ నమలడం ఆపారు.

"చాయ్ లేకుంటె మీటింగ్ ఎట్లయితదమ్మా?"

"తాగుండ్రి సార్. జర రెండు గంటలు గ్యాప్ ఇయ్యాలె."

"గా రెండు గంటలు పిల్లలేం జేస్తరు?"

ఆ రెండు గంటలు నింపడానికి, ప్రజల ఆరోగ్యం కోసం సార్ మళ్ళీ మైకు అందుకున్నారు.

ఆ సేవ మరువలేనిది. తన బాల్యం, పరిగి బస్టాండులో తన మీద జరిగిన కుట్ర, కోట్‌పల్లి చెరువు మీద తన ప్రేమ, అన్నీ చెప్పారు. ఆ తర్వాత ప్రతి వారం గోలీల రోజున వచ్చి అవే చెప్పారు. నేను కునికితే సింధుజ గిచ్చేది.

రక్తపరీక్ష చేస్తే మా బడి పిల్లలందరికీ పెరిగింది. ఇంకొక్క నెల గిట్లనే మింగితే పేరు పంపిస్త బిడ్డా అని మల్లేశ్వర్ సారు సింధుజకు మాటిచ్చారు. ఆమె ఆ రోజు నడవలేదు, ఎగిరింది.

ఈ అద్భుతానికి కారణం కనుక్కోమని పెద్ద ఆఫీసర్ శివశంకర్ గారిని పంపారు. ఆయన లోతుగా ఆలోచించారు. గోలీలు అన్ని బళ్ళలోనూ ఇస్తున్నారు, వెంటనే చాయ్ కూడా పోస్తున్నారు. అక్కడెక్కడా రక్తం పెరగలేదు. ఉపన్యాసం మాత్రం మా బడిలోనే ఉంది.

మరుసటి వారం సార్ కొత్త సౌండ్ బాక్సులతో వచ్చారు. భోజనం కాగానే సింధుజ అలవాటుగా చెయ్యి చాపింది.

"గోలీలు బంద్ వెట్టిండ్రు బిడ్డా," అంది సత్యమ్మ మెల్లగా. "ఉపన్యాసం డోసు పెంచిండ్రు."

సింధుజ చాపిన చెయ్యి అలాగే ఉంచింది. సార్ వేదిక దిగి వచ్చి, ఆ చేతికి షేక్‌హ్యాండ్ ఇచ్చి ఫోటో దిగారు.