కమిషనర్ గారి కుడిచెయ్యి

నియామక పత్రాలు పంచే సభలో లోకహిత శాఖ కమిషనర్ జలంధరరావు, భూసార పరీక్షాధికారిగా ఎంపికైన రుఖియా ముఖానికున్న నఖాబు పట్టుకుని కిందికి లాగినప్పుడు, ఆయన కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఊడిపోయి ఆ గుడ్డనే పట్టుకుని ఉండిపోయింది. రక్తం రాలేదు. కమిషనర్ ఎడమచేత్తో తర్వాతి అభ్యర్థికి పత్రం అందించారు. సభ అనుకున్న సమయానికే ముగిసింది.

లాగే ముందు ఆయన, ముఖం కనపడకుండా ఉద్యోగం ఎట్లా చేస్తావమ్మా అని అడిగారు. జవాబు కోసం ఆగలేదు. వేదిక మీదివాళ్లు నవ్వారు. రెండు వందల పన్నెండు మంది కూర్చున్న హాలూ నవ్వింది. పేర్లు చదువుతున్న సూపరింటెండెంట్ పరాంకుశం నోటి దగ్గర మైకు ఉండటంతో అతని నవ్వు అందరికంటే గట్టిగా వినిపించింది. రుఖియా గుడ్డ పైకి సర్దుకుని, గడ్డం కింద వేలాడుతున్న చేతితో సహా మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆమెకు ఇరవై ఏడేళ్లు. తల్లి హుసేన్‌బీ బీడీలు చుట్టి చదివించింది. నేలల శాస్త్రంలో విశ్వవిద్యాలయం మొత్తానికి మొదటి స్థానం వచ్చింది. నఖాబు పద్దెనిమిదో ఏట తనంతట తానే వేసుకుంది. తల్లికి ఆ అలవాటు లేదు. నాకెందుకులే అని ఆమె, నాకు కావాలని ఈమె, ఆ విషయం ఇంట్లో అంతటితో అయిపోయింది.

జిల్లా ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చేతిని పరీక్షించి ఒక పేజీ నివేదిక ఇచ్చారు. చెయ్యి ఆరోగ్యంగా ఉంది, నాడి కొట్టుకుంటోంది, ఎవరైనా వేళ్లు విప్పబోతే పిడికిలి ఇంకా బిగుస్తోంది, సొంతదారు ఎదురుగా నిలబడి తన నోటితో వదలమంటే తప్ప వదలదు అని రాశారు. కమిషనర్ న్యాయ సలహాదారును సంప్రదించారు. వదలమని చెప్తే పట్టుకున్నట్టు ఒప్పుకున్నట్టే అవుతుందని, కాబట్టి చెప్పవద్దని ఆయన సలహా ఇచ్చారు.

ఇంట్లో గుడ్డ తీసి దండెం మీద వేస్తే చెయ్యి కూడా దండేనికే వేలాడేది. మర్నాడు రుఖియా వేరే నఖాబు కట్టుకుంటే, వీధి గేటు దాటేలోపు ఆ చెయ్యి ఆ గుడ్డ మీదికి వచ్చేది. హుసేన్‌బీ దాన్ని గోడవైపు తిప్పి పెట్టి, అటు పోయినప్పుడల్లా తన కొంగు సర్దుకునేది. అన్నం తినేటప్పుడు తల్లీకూతుళ్లు వంటింట్లోకి జరిగి కూర్చునేవాళ్లు.

సలహాలు చాలా వచ్చాయి. బంధువులు గుడ్డ కత్తిరించమన్నారు. వీధిలోవాళ్లు ఊరు మారమన్నారు. శాఖ నుంచి వచ్చిన మహిళా అధికారి ఒకరు టీ తాగి, ఆ నఖాబు మానేస్తే చెయ్యికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు కదా, రెండు వైపులా గౌరవంగా ముగిసిపోతుంది అని మెత్తగా చెప్పారు.

"ఆ పొద్దు ఆయన గూడా అదే గదా మేడం అడిగింది" అంది రుఖియా.

ఆ జవాబును అధికారి 'సహకరించలేదు' అని నమోదు చేసుకున్నారు.

ఇంతలో శాఖలో ఇంకో ఇబ్బంది వచ్చింది. కమిషనర్ ఏ దస్త్రం ఆమోదించాలన్నా వేలిముద్ర యంత్రం మీద కుడి బొటనవేలు పెట్టాలి. ఎడమ బొటనవేలును నమోదు చేయించుకోవచ్చు, కానీ ఆ దరఖాస్తును ఆమోదించడానికి కుడి బొటనవేలు కావాలి. రెండు వారాల్లో నాలుగు వందల దస్త్రాలు పేరుకుపోయాయి. అందువల్ల భూసార పరీక్షా కేంద్రానికి వెళ్లాల్సిన రుఖియాను, కమిషనర్ గారి చేతి సౌకర్యార్థం ప్రధాన కార్యాలయానికి డిప్యుటేషన్ మీద పంపుతూ ఉత్తర్వు వచ్చింది. సదరు చెయ్యి శాఖ ఆస్తి అనీ, దాని భద్రతకు ఆమెదే పూర్తి బాధ్యత అనీ రెండో పేరాలో ఉంది.

ఆమెకు వరండాలో, నీళ్ల డబ్బా పక్కన ఒక కుర్చీ వేశారు. రోజూ పదిన్నరకు పరాంకుశం యంత్రం పట్టుకొచ్చి, ఆమె గడ్డం కిందికి వంగి, ఆ బొటనవేలికి ఆనించేవాడు. యంత్రం ధన్యవాదాలు చెప్పేది. సాయంత్రానికి యాభై, అరవై సార్లు అయ్యేది. లోపలి గదిలో కమిషనర్ ఎడమచేత్తో దండలు అందుకుంటూ, ఎడమచేత్తోనే ఆశీర్వదిస్తూ ఉండేవారు. అంత నష్టం జరిగినా పని ఆపలేదని ఆయనను పత్రికలు మెచ్చుకున్నాయి.

రుఖియా ఖాళీగా ఉన్నప్పుడు భూసార కేంద్రం నుంచి వచ్చే నివేదికలు చదివేది. అక్కడ పరీక్షాధికారి లేక మట్టి సంచులు అట్లాగే పడి ఉన్నాయి. విత్తనాల అదును దాటుతోంది.

ఆమె ఫిర్యాదు ఇచ్చింది. అందులో ఒకటే కోరింది. ఏ హాలులో పట్టుకున్నారో ఆ హాలులో, ఎవరి ముందు పట్టుకున్నారో వాళ్ల ముందు, కమిషనర్ తప్పు చేశానని చెప్పి తన చెయ్యి తాను తీసుకోవాలి. ఫిర్యాదు మీద రిటైరైన అధికారి వాచస్పతి అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. రెండు వందల పన్నెండు మందిని విచారించారు. సరిగ్గా ఆ క్షణంలో డెబ్బై మంది చెప్పుల వైపు చూస్తున్నారు. తొంభై మందికి ఫోను వచ్చింది. మిగిలినవాళ్లు తుమ్మారు. రుఖియాతో పాటు ఉద్యోగాలు వచ్చిన పదకొండు మంది అమ్మాయిలు కూడా తుమ్మినట్టే రాసిచ్చారు. పరాంకుశం, కింద పడిన కాగితం తీసుకోవడానికి వంగాను అని రాసి సంతకం పెట్టాడు. వీడియో తీసిన కెమెరా కూడా ఆ సమయంలో పూలకుండీ వైపు తిరిగి ఉన్నట్టు సంఘం గుర్తించింది.

నాలుగో నెలలో ఒకరోజు యంత్రం బొటనవేలిని గుర్తించలేదు. మళ్లీ ప్రయత్నించండి అంది. పరాంకుశం మళ్లీ ఆనించాడు. మళ్లీ ప్రయత్నించండి అంది. ఎండకు ఆ వేలికి చెమట పట్టి ఉంది. లోపలి నుంచి కమిషనర్ గారి పియే, తొందరగా కానివ్వమని కేక వేశాడు. పరాంకుశం జేబురుమాలు తీసి, ఆమె గొంతు దగ్గరికి చెయ్యి పోనిచ్చి, ఆ బొటనవేలిని తుడవసాగాడు. రుఖియా కళ్లు మూసుకుంది. కుర్చీ అంచును రెండు చేతులతో పట్టుకుంది. ఆమె గొంతు కదలడం గుడ్డ మీదుగా అతనికి కనిపించింది.

అప్పుడు అతను తన చేతిని చూసుకున్నాడు. మణికట్టు దగ్గర నుంచి చూస్తే, తన చెయ్యి ఏదో, పట్టుకున్న చెయ్యి ఏదో ఒక క్షణం తేడా తెలియలేదు. యంత్రం ధన్యవాదాలు చెప్పింది.

మధ్యాహ్నం అతను వాచస్పతి గదికి వెళ్లి వాంగ్మూలం మార్చుకుంటానన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ల సర్వీసులో పై అధికారి ఎదుట అతను కూర్చోవడం అదే మొదటిసారి. చెప్పకముందే కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు.

"కాగితం ఏదీ పడలేదు సార్. నేను చూసినాను. ఆయన లాగినాడు."

"బాగా ఆలోచించుకున్నావా పరాంకుశం?"

"ఇంకోటి గూడా రాసుకోండి సార్. నేను నవ్వినాను."

నవ్వడం విచారణ పరిధిలోకి రాదని వాచస్పతి చెప్పారు. అయినా రాసుకోమని పరాంకుశం బతిమాలాడు. అనుబంధం కింద రాసుకున్నారు.

ప్రత్యక్ష సాక్షి దొరికాడు కాబట్టి చర్య తీసుకోక తప్పలేదు. సంఘం తుది నివేదికలో నేరం జరిగిందని నిర్ధారించింది. చేసింది కుడిచెయ్యి. ఆ సమయంలో కమిషనర్ గారి మిగతా శరీరం తన స్థానంలోనే నిలబడి ఉంది, చర్యలో పాల్గొన్నట్టు ఆధారం లేదు. కాబట్టి కుడిచేతిని తక్షణం సస్పెండ్ చేశారు. మచ్చ లేని మిగతా శరీరానికి పదోన్నతి ఇచ్చి రాజధానికి పంపారు. వీడ్కోలు సభ అదే హాలులో జరిగింది. హాలు నిండింది.

సస్పెన్షన్‌లో ఉన్న ఉద్యోగి తన ప్రధాన స్థానాన్ని విడిచి వెళ్లకూడదు. చేతి ప్రధాన స్థానం రుఖియా నఖాబు అని ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. సస్పెండైన వేలిముద్ర చెల్లదు కాబట్టి ఆమె డిప్యుటేషన్ రద్దయి, ఆమెను భూసార కేంద్రానికి పంపారు.

ఉత్తర్వు నకలు అందించి సంతకం తీసుకోవడానికి పరాంకుశం బస్సులో ఆ కేంద్రానికి వెళ్లాడు. రుఖియా బల్ల ముందు నిలబడి మట్టిని జల్లెడ పడుతోంది. వంగినప్పుడల్లా చెయ్యి మట్టికి తగలకుండా ఎడమ మోచేత్తో పక్కకు నెట్టుకుంటోంది. ఎదురుగా ఉన్న ముసలి రైతుకు ఆ నేలలో ఉప్పు ఎక్కువగా ఉందని, జిప్సం వేయమని చెప్తోంది. రైతు ఆ చేతి వైపు చూడలేదు. అందరికీ అలవాటైపోయింది.

ఆమె ఉత్తర్వు పూర్తిగా చదివి సంతకం పెట్టింది. పరాంకుశం వెళ్లలేదు. చెప్పాల్సింది దారిలో నాలుగైదు విధాలుగా అనుకుని వచ్చాడు.

"నన్ను క్షమించమ్మా" అన్నాడు చివరికి.

రుఖియా చేతులకంటిన మట్టి దులుపుకుంది.

"మీరు నిజం చెప్పినారు సార్, దానికి షుక్రియా. కానీ ఆ ఒక్క మాట చెప్పేదానికి మీకు నాలుగు నెలలు పట్టె. అన్నాళ్లూ దీన్ని మోసింది నేను. ఇంకా మోస్తాండా. క్షమించేదంటారా, ఇది దిగినాంక అడగండి."

అతను తలూపి బయటికి వచ్చాడు. బస్సుకు ఇంకా గంట టైముంది. లోపలికి వెళ్లి కూర్చునే ధైర్యం లేక ఎండలోనే నిలబడ్డాడు.

మరుసటి ఏడాది నియామకాలకు శాఖ దరఖాస్తు ఫారాన్ని సవరించింది. ఇట్లాంటి ఇబ్బందులు ముందుగానే తెలిసేందుకు మహిళా అభ్యర్థుల కోసం పద్నాలుగో కాలమ్ కొత్తగా చేర్చారు. 'మీ దుస్తులను పట్టుకుని ఉన్న ఇతరుల చేతులు: సంఖ్య, హోదా.' ఫారాలు తీసుకునే కిటికీ దగ్గర పరాంకుశాన్నే కూర్చోబెట్టారు.

మొదటి రోజు వరుసలో నాలుగో అమ్మాయి పేరు తబస్సుమ్. తలకు ముదురాకుపచ్చ స్కార్ఫు గట్టిగా, నాలుగు పిన్నులతో బిగించుకుంది. ఫారమంతా నింపి, ఆ కాలమ్ మాత్రం ఖాళీగా వదిలి, కిటికీలోకి వంగింది.

"సార్, లాగి ఇడిసిపెట్టిన చేతులు గూడా రాయాల్నా, పట్టుకొనుండేటివే రాయాల్నా?"

పరాంకుశం నిబంధనల పుస్తకం తీసి చూశాడు. పక్కసీటు గుమాస్తాను అడిగాడు. ఆ గుమాస్తా లోపలికి వెళ్లి అడిగి వచ్చాడు.

"ఇప్పుడు పట్టుకొనుండేటివే అమ్మా" అన్నాడు పరాంకుశం, ఫారం మీద నుంచి కళ్లెత్తకుండా.

తబస్సుమ్ సున్నా రాసి ఇచ్చింది. దాని మీద అతను ముద్ర వేసి, తర్వాతి వాళ్లను పిలిచాడు.