కంఠం లోతు నీళ్ళు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగువారు పందొమ్మిది వందల ముప్పై రెండో సంవత్సరం జ్యేష్ఠమాసంలో వరుణదేవుడి జపాన్ని సకల లాంఛనాలతో జరిపించారు. అర్పా నది ఇసుకగా మారి అప్పటికి రెండు నెలలు. ముందు ఇంజన్లకు, తర్వాతే మనుషులకు అన్న నియమాన్ని కుళాయిలు నిష్ఠగా పాటిస్తున్నాయి.

ఒకటే చిక్కు. పంతులుగారు కంఠం లోతు నీళ్ళలో నిలబడి జపిస్తేనే వరుణుడు వింటాడు. అన్ని నీళ్ళుంటే వరుణుడితో పనేమిటని ఎవరూ అడగలేదు. అంత తెలివితక్కువవారు జపసంఘంలో లేరు. అధ్యక్షులు, హెడ్ క్లర్కు శంకరరావుగారు ఒక పాత ఇనుప తొట్టి తెప్పించి, ఇంటికి రెండు బిందెల నీళ్ళు పోయాలని తీర్మానించారు. కాలనీ పంతులుగారు ఆరడుగుల మనిషి. ఆయన కంఠాన్ని అందుకోవడం కాలనీ శక్తికి మించిన పని కనుక తఖత్‌పూర్ నుంచి ఒక పొట్టి పంతులుగారిని పిలిపించారు. పొట్టితనానికి పూలదండ పడడం ఆయన జీవితంలో అదే మొదలు.

ఫిట్టరు సన్యాసిరావు ఇంట్లో ఉన్నవే రెండు బిందెలు. కూతురు కనకం పురిటికి వచ్చింది. నేడో రేపో అన్నట్టుంది. ఆ నీళ్ళు అందుకని దాచినవి. అయినా తీసుకెళ్ళి పోశాడు. పక్క క్వార్టరు ముసలమ్మ అచ్చియమ్మ మాత్రం చుక్క పోయలేదు.

"వానదేవుడికి నీళ్ళు నేకపోతే ఆడే కురిపించుకుంటాడు. నానెందుకు పొయ్యాల?" అంది.

సంఘం ఆమెను నాస్తికురాలిగా ప్రకటించింది.

రెండో రోజు మధ్యాహ్నం కనకానికి నొప్పులు మొదలయ్యాయి. సన్యాసిరావు బిందె పట్టుకుని తొట్టి దగ్గరకు పరిగెత్తాడు.

"బాబూ, ఒక్క బిందె. మా పిల్ల..."

"ఏటోయ్ సన్యాసిరావూ! నీళ్ళు పంతులుగారి ఛాతీకి దిగిపోవా? ఛాతీ లోతు జపం ఏ శాస్త్రంలో ఉంది?" అన్నారు శంకరరావుగారు. పంతులుగారు జపం ఆపకుండానే జాలిగా చూశారు.

ఖాళీ బిందెతో తిరిగి వచ్చేసరికి వాకిట్లో నిండు కడవతో అచ్చియమ్మ.

"ఏటలా చూస్తావు? పొయ్యి ముట్టించు. నీ దేవుడు నానతన్నాడు గానీ, పిల్ల ఆగదు."

మనవడు పుట్టాడు. బిడ్డకు పోయగా మిగిలిన చెంబెడు నీళ్ళతో అచ్చియమ్మ సన్యాసిరావును కూడా ముఖం కడుక్కోమంది.

వాన పడలేదు. మూడో రోజు సంఘం సమావేశమైంది. జపకాలంలో కాలనీలో మగశిశువు జన్మించడం వరుణుడి ప్రత్యక్ష అనుగ్రహమని మొదటి తీర్మానం. అచ్చియమ్మ నీళ్ళివ్వకపోవడం వల్లనే వాన ఆగిపోయిందని రెండోది. ఇకపై ఆమెతో ఎవరూ నిప్పూ నీళ్ళూ పంచుకోరాదని మూడోది.

"అందరికీ సమ్మతమే కదా?" అన్నారు శంకరరావుగారు.

సన్యాసిరావు గొంతు సవరించుకుని లేచాడు. సభంతా అతనివైపు చూసింది.

"సంతకం ఎక్కడెట్టమన్నారు బాబూ?" అన్నాడు.